హద్దు దాకా తోసిన బండి

మా గుమ్మఘట్ట దిక్కు మోటారు సైకిల్లో పెట్రోలు అయిపోతే ఊరి బంకులో పట్టించరు, కర్ణాటక హద్దు దాటేదాకా తోస్తారు. అక్కడ పన్ను తక్కువ. మాకేమో పన్ను కన్నా చెమట చౌక.

మొన్న ఎండాకాలం నేనూ నాయనా అట్లా తోస్తుంటే, ఓట్లప్పుడు మాత్రమే కనబడే మా నాయకుడి కారు పక్కన ఆగింది.

“ఏమప్పా, మన బంకు వదిలిపెట్టి పోతాండారు? మన రాష్ట్రానికి పన్ను యాడ్నించి వస్తాది?” అన్నాడు అద్దం దించి.

నాయన బండి తోస్తూనే ఉన్నాడు.

మేం అవతలి బంకు చేరేసరికి అదే కారుకు డీజిల్ పడుతున్నారు. నాయన బండికి స్టాండు వేసి, వెళ్లి కారు అద్దం తట్టాడు.

“ఏమన్నా, మన రాష్ట్రం పన్ను ఈడ కట్టేకి వచ్చినావా?”