క్లాసులో మూసేసిన కొట్టు

ఎంబీయే మొదటి ఏడాది అయిపోయాక, ఎండాకాలంలో మా కాలేజీ వాళ్లు మమ్మల్ని మూడు వారాల కోర్సుకి ఫ్రాన్సు తీసుకెళ్లారు. మూడు వారాల్లో ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే ఇప్పటికీ తడుముకుంటాను. సర్టిఫికెట్ మాత్రం ఉంది. దానికి లామినేషన్ చేయించింది నాన్న.

మాది రాజమండ్రిలో బట్టల కొట్టు. మెయిన్‌రోడ్డు వెనక సందులో తాత పెట్టింది. అద్దాలూ ఏసీలూ లేవు. తెల్ల దుప్పటి పరిచిన పరుపుల మీద వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, చీరలు ఒక్కొక్కటే విప్పి ఒళ్లో వేసే కొట్టు. పెళ్లిబట్టలకి వచ్చినవాళ్లయితే పొద్దున కూర్చుంటే సాయంత్రానికి గానీ లేచేవాళ్లు కారు. మధ్యలో కాఫీలు, పక్క హోటల్ నుంచి ఇడ్లీలు. ఏ ముసలావిడకో నడుం నొప్పెడితే వెనక గదిలో కాసేపు పడక కూడా. వాళ్లు తేల్చుకున్న మొదటి చీర మూలకి నాన్న పసుపు పెట్టి, రెండు చేతులతో ఇచ్చేవారు. పసుపు పెట్టిన చీరకి బేరమాడకూడదని ఎక్కడా రాసి లేదు గానీ ఎవరూ ఆడేవారు కారు.

నా ప్రయాణం సంగతి నాన్న బజారంతా చాటారు. "మా అమ్మాయి ఫ్రాన్సు వెళ్తోందండి, వ్యాపారం నేర్చుకోడానికి." ఎదురు కొట్టు బంగారం వ్యాపారి మాత్రం, "దానికి అంత దూరం ఎందుకండీ? మీ పరుపు మీద కూర్చుంటే సరిపోదూ?" అన్నాడు. నాన్న నవ్వి ఊరుకున్నారు.

కోర్సు చివరి వారంలో ఒక్కొక్కరూ తమ ఇంటి వ్యాపారం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాలన్నారు. రోగమూ చెప్పాలి, మందూ చెప్పాలి. నేను పట్టుకెళ్లిన ఆత్రేయపురం పూతరేకుల్ని, పైది కాగితమనుకుని ఒలిచి పారేసి, లోపలి బెల్లంపొడి మాత్రం నాకిన మహానుభావులు అక్కడి ప్రొఫెసర్లూ, విద్యార్థులూ. వాళ్ల ముందు మా కొట్టుని పెట్టాను. ఒక్క పెళ్లివారికి చీరలు అమ్మడానికి ఎన్ని గంటలు పడుతుందో, ఆ గంటల్లో ఎంత కాఫీ పోస్తామో బొమ్మలు వేసి చూపించాను. అందరూ నవ్వారు. నవ్వులు పడేసరికి నాకూ హుషారొచ్చింది. నాన్న తరవాత ఆ పరుపు మీద కూర్చోడానికి ఎవరూ లేరు, నేనేమో ఉద్యోగానికి పోయేదాన్ని, కాబట్టి కొట్టు మూసేసి స్థలం అద్దెకివ్వడం మేలని తేల్చేశాను. "ధైర్యమైన నిర్ణయం" అని మెచ్చుకుని ప్రొఫెసరు భోజనానికి లేచాడు. నా పేరు కూడా ఆయన నోట సరిగా పలకలేదు. మధ్యాహ్నానికల్లా మా కొట్టు అక్కడ ఎవరికీ గుర్తు లేదు.

ఆ ఉపన్యాసం వీడియో తీసి కాలేజీ వాళ్లు పంపారు. నాన్న రోజూ ఫోన్లో "నువ్వు మాట్లాడిన వీడియో ఏదమ్మా?" అని ప్రాణం తీస్తుంటే ఇంటి గ్రూపులో పెట్టాను. ఆయనకి ఇంగ్లీషు కొట్టుకి కావలసినంత వచ్చు, అంతకు మించి రాదు. చూసి మురిసిపోయి ఊరుకుంటారనుకున్నాను.

తిరిగొచ్చిన మర్నాడు కొట్టుకి వెళ్తే, క్రికెట్ కోసం గోడకి బిగించిన టీవీలో నేనున్నాను. నల్లకోటు వేసుకుని, చేతులు తిప్పుతూ, కొట్టు మూసేయాలని ఇంగ్లీషులో చెబుతున్నాను. దాని కింద పరుపు మీద నాన్న చీరలు విప్పుతున్నారు. వీడియో వచ్చిన నాటి నుంచీ అది ఆడుతూనే ఉందట. "ఇంక ఆపండి నాన్నా" అంటే, "ఉండమ్మా, జనాన్ని చూడనీ" అన్నారు.

ఆ రోజు రామచంద్రపురం నుంచి పెళ్లివారు వచ్చి కూర్చున్నారు. పెళ్లికొడుక్కి బెంగళూరులో ఉద్యోగం. చీరలు చూడలేక విసుగొచ్చి టీవీ వైపు తిరిగాడు. కాసేపటికి పకపకా నవ్వాడు.

"అంకుల్, మీ అమ్మాయి షాపు మూసేయమంటోంది కదండీ! మీరేమో దాన్నే అందరికీ చూపిస్తున్నారు."

పరుపు మీద అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. "మా అమ్మాయేనండి. మొహమాటం లేకుండా ఉన్నమాట చెప్పేస్తుంది" అన్నారు. టీవీ ఆపలేదు. దాన్ని చివరిదాకా ఆడనిచ్చి, పసుపు డబ్బా తీసి, వాళ్లు తేల్చుకున్న చీర మూలకి పెట్టారు. ఆయన వేలు వణికిందని రాస్తే బాగుండును గానీ, వణకలేదు.

ఎండకి బజారు ఖాళీ అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మొదటి నుంచీ తెలుగులో చెప్పు." చెప్పాను. కాఫీ సంగతి దాటేయబోతే, "అక్కడ అందరూ నవ్వారు కదా, ఎందుకు?" అని పట్టుకున్నారు. అదీ చెప్పాను.

"క్లాసు కోసం చెప్పింది నాన్నా. మార్కులు రావాలంటే ఏదో ఒకటి తేల్చాలి కదా."

"మార్కుల కోసం అబద్ధం చెబుతావా?"

"అబద్ధం కాదు..."

"మరింకేంటి?"

పోనీ నేనే కూర్చుంటాను కొట్లో, అనొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. నాన్న కాసేపు నా మొహంలోకి చూశారు, ఆ మాట కోసమే. నేను అనలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంటికొచ్చాను. ఆయన లేచి, చెదిరిన చీరలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

శ్రావణమాసం పెళ్లిళ్లు దాటాక కొట్టు మూసేశారు. ఎందుకండీ అని అడిగిన ప్రతివాళ్లకీ, "మా అమ్మాయి ఫ్రాన్సులో చదివి చెప్పిందండి" అన్నారు. అందులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉండి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షోరూము. పరుపులు మేడమీద ఎండబెట్టి, వానకి తియ్యడం మరిచిపోయాం.

దసరాకి అమ్మకి చీర కావలసొచ్చింది. మా ఇంట్లో ఎవరమూ బట్టలు కొని ఎరగం. కావలసినప్పుడు కొట్లోంచి తెచ్చుకోవడమే. ముగ్గురం కలిసి ఓ పెద్ద షాపింగ్ మాల్‌కి వెళ్లాం. నాన్నని ఎత్తుగా ఉన్న స్టూలు మీద కూర్చోబెట్టారు.

"ఏ రేంజిలో చూపించమంటారు సార్?" అని అడిగింది సేల్స్ అమ్మాయి.

నాన్న నావైపు చూశారు. మా కొట్లో ఆ ప్రశ్న ఉండేది కాదు. ఎవరి పెళ్లండీ, అని మొదలయ్యేది. నేనే ఏదో అంకె చెప్పాను. ఆ అమ్మాయి గబగబా చీరలు పరిచింది. అమ్మ ఒక్కోటీ వద్దని పక్కకి నెడుతుంటే, నాన్న దాన్ని అందుకుని, అంచు మీద అంచు వచ్చేలా మడత పెడుతున్నారు. బల్ల మీద ఒక దొంతర లేచింది. మా వెనక జనం ఆగిపోయారు.

"సార్, మీరు వదిలేయండి. అది మా పని" అంది ఆ అమ్మాయి.

"సారీ అమ్మా" అన్నారు నాన్న. సగం మడతలో ఉన్న చీరని అలాగే బల్ల మీద పెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.