కాలేజీ గేటు దగ్గరి బాబాయ్

మా కాలేజీ గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ బాబాయ్ చనిపోయారు. షార్జా శివార్లలోని సజ్జాలో, కంపెనీ వాళ్ల క్యాంపు గదిలో, సెలవు రోజున పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయారట. మా అమ్మ ఫోన్లో ఈ సంగతి చెప్పేసరికి ఆయన్ని జగిత్యాల వైపు వాళ్ల ఊరికి పంపడమూ, అక్కడ అంత్యక్రియలూ కూడా అయిపోయాయి. "మీ కాలేజీలో క్లీనింగ్ చేసే అక్క ప్రార్థనకొచ్చినప్పుడు చెప్పిందమ్మా. నీ కార్డు తెచ్చిచ్చిన అన్నయ్యేనంట," అంది. నేను అబుదాబి ముసఫ్ఫాలో ఆఫీసు బల్ల ముందున్నాను. కార్డు మాట వినగానే చేతిలో పని ఆగిపోయింది. ఆయనకు చెప్పాల్సిన క్షమాపణ ఒకటి ఏడాదిగా నా దగ్గరే ఉండిపోయింది.

కరోనా తగ్గి షార్జాలో మా కాలేజీ మళ్లీ తెరిచినప్పుడు ఆయన్ని మొదటిసారి చూశాను. జ్వరం చూసే యంత్రం నా నుదుటికి గురిపెట్టి, ఐడీ మీద పేరు చదివి, "ముప్పై ఆరున్నర. సల్లగనే ఉన్నవ్, పో బిడ్డా," అన్నారు. ఆ గేటు దగ్గర తెలుగు వినపడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. మాది గుంటూరు వైపు. "థాంక్యూ బాబాయ్" అన్నాను.

"మీ దిక్కు బాబాయా? మా దిక్కు సిన్నాయన అంటం. సరే తీ, బాబాయ్ అంటె జెర వయసు తగ్గినట్టుంది," అని నవ్వారు. చదివినన్నాళ్లూ ఆయన బాబాయే.

పరీక్షకు ఆలస్యమై పరుగెత్తుకొస్తే, "ఉరుకకు బిడ్డా, సదివిందంత ఈన్నే కారిపోతది," అనేవారు. బయటివాళ్లు లోపలికి వెళ్లాలంటే రిజిస్టరులో రాసి, ఎమిరేట్స్ ఐడీ ఆయన దగ్గర పెట్టి పాస్ తీసుకోవాలి. ఆ ఐడీని క్యాంపుల్లో బతాకా అంటారు. ఆయన ప్రతి బతాకానూ గుడ్డతో తుడిచి, సొరుగులో వరసగా నిలబెట్టేవారు. ఎవరైనా బల్ల మీద విసిరేస్తే ముఖం చిట్లించేవారు. "బతాకా అంటె మనిషే. మనిషిని ఇసిరేస్తరా?" అని ఒకసారి నాతో అన్నారు.

డిగ్రీ అయ్యాక, ఉద్యోగానికి కావలసిన మార్కుల పత్రం కోసం మళ్లీ కాలేజీకి వెళ్లాను. కొత్తగా చదువు ముగించినవాళ్ల దర్జా ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వెంట వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్లతో, "గేటు దగ్గర మా బాబాయ్ ఉన్నారు, మనల్ని ఎవరు ఆపుతారు?" అని కారులోనే గొప్పలు పోయాను. బాబాయ్ నన్ను చూసి నవ్వారు. నవ్వుతూనే రిజిస్టరు నా ముందుకు జరిపారు.

నా ముఖం మాడిపోయింది. "ఇన్నేళ్లు చూశారు, నేనెవరో తెలియదా?"

"ఎర్కనే బిడ్డా. ఎర్కున్నోళ్లనే ముందుగాల అడగాలె. లేకుంటె ఎర్కలేనోళ్లను ఏ మొఖంతోటి అడుగుత?"

ఈ రోజు ఆ మాట నాకు బంగారంలా తోస్తుంది. ఆ రోజు మాత్రం ఒళ్లు మండింది. "రేపు పొద్దున్నే వీసా మెడికల్ ఉంది, ఇవతల పనులతో చస్తుంటే మీ రూల్సొకటి. కుర్చీలో కూర్చోబెడితే చాలు, అందరూ ముదీర్లే, మేనేజర్లే!" అన్నాను. ఫోన్ నంబరు గజిబిజిగా గీకి, బతాకాను బల్ల మీద విసిరేసి లోపలికి వెళ్లిపోయాను. ఆయన దాన్ని తీసి తుడుస్తూ ఉండటం వెనక్కి తిరగకపోయినా తెలుస్తూనే ఉంది.

పని అయ్యాక స్నేహితురాలి కారులో పార్కింగు వైపున్న వెనక గేటు నుంచి బయటికొచ్చేశాం. పాస్ నా సంచిలో, బతాకా ఆయన సొరుగులో. సాయంత్రం ఇంట్లో సంచి తెరిచి పాస్ చూశాకే గుర్తొచ్చింది. అమ్మ వీసా మీద నేనుండే గడువు ఇక కొద్ది రోజులే. బతాకా లేనిదే కొత్త వీసాకు చేసే మెడికల్ పరీక్షకు లోపలికి రానివ్వరు. కాలేజీకి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు.

అప్పుడే అమ్మ హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చింది. చేతిలో నా బతాకా ఉంది.

రిజిస్టరులో నేను గీకిన నంబరు ఆయనకు అర్థం కాలేదు. మా అమ్మ ఏ హాస్పిటల్లో నర్సో మాటల్లో ఎప్పుడో విని ఉన్నారు. డ్యూటీ దిగి, క్యాంపుకు వెళ్లే కంపెనీ బస్సు వదిలేసి, యూనిఫాంలోనే అక్కడికి వెళ్లారట. అక్కడ తెలుగు సిస్టర్లు ముగ్గురు. ఒక్కొక్కరినీ పిలిపించుకుని, "మీ బిడ్డ మా కాలేజీల సదివిందా?" అని అడుగుతూ, మూడో మనిషిగా మా అమ్మను పట్టుకున్నారు.

"టీ తాగమంటే తాగలేదే. పొద్దున మెడికలంట కదమ్మా, బతాకా ముట్టింది, ఖలాస్, అని వెళ్లిపోయాడు," అంది అమ్మ.

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు మెడికల్ అయింది, ఉద్యోగం వచ్చింది, అబుదాబి వెళ్లిపోయాను. వెళ్లి చెప్పాలి, వచ్చే వారం చెప్పాలి, స్వీట్లు పట్టుకెళ్లి చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. మంచి పనికి మంచి రోజు చూసేవాళ్లకు ఆ రోజు రాదని నాకెవరూ చెప్పలేదు.

పోయిన శనివారం కాలేజీకి వెళ్లాను. ముందు గేటు దగ్గర ఎవరో కొత్తాయన. రిజిస్టరులో నంబరు గుండ్రంగా రాసి లోపలికి వెళితే, అమ్మకు కబురు చెప్పిన క్లీనింగ్ అక్క, గోదావరి వైపు మనిషి, వరండా తుడుస్తూ కనిపించింది. బాబాయ్ కుర్చీ ముందు గేటు దగ్గర లేదేమని అడిగాను.

"ఆయన్ని ఎనక గేటుకి మార్చేశారు కదమ్మా, నీకు తెలీదా?" అంది అక్క. "మిగిలిపోయిన కార్డు ఆఫీసులో ఇచ్చెయ్యాలంట. ఆఫీసులో ఇస్తే రెండ్రోజులు సెలవలు, ఆ పిల్లకి పొద్దున్నే మెడికలు అని ఆయనే జేబులో ఎట్టుకెళ్లాడు. అది కెమెరాలో పడింది. గదీ లేదు, ఏసీ లేదు, అక్కడే ఏసేశారు."

"ఆయన ఏమన్నారక్కా?"

"ఏవంటాడు? గీడ గాలి మంచిగొస్తది అనేవాడు. అక్కడ గాలెక్కడుందమ్మా!"

ఆయన నాకు చేసిన మేలు తెలుసు. దానికి ఆయన ఏం పోగొట్టుకున్నారో అప్పుడే తెలిసింది. ఏడుపు ఆపుకోలేకపోయాను. అక్క చీపురు గోడకు ఆనించి, వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. తరువాత నన్ను వెనక గేటు దగ్గరికి తీసుకెళ్లింది.

అక్కడ ఒక గోడ, గోడ పక్కన తారు రోడ్డు. మిట్టమధ్యాహ్నం. గోడ నీడ జానెడే ఉంది. కుర్చీ ఎవరో తీసేశారు. ఎండకు మెత్తబడిన తారులో దాని కాళ్లు దిగిన గుంతలు మాత్రం ఉన్నాయి. నాలుగు గుంతలు ఒకచోట, కొంచెం అవతల మరో నాలుగు, ఆ పక్కన మరో నాలుగు. నీడ జరిగినకొద్దీ ఆయనా కుర్చీ జరుపుకుంటూ గోడ పొడుగునా వెళ్లారు. గోడ అయిపోయిన చోట, నీడే లేని చోట, చివరి నాలుగూ అన్నిటికంటే లోతుగా ఉన్నాయి.