రేవు మెట్ల మీద నా మూడు పాయింట్లు

పోయిన ఆదివారం పొద్దుట్నించి సాయంత్రం దాకా నేను నోరు విప్పలేదు. నమ్మరు కదా? మా నానమ్మా నమ్మలేదు. జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది, నాలిక చాపమంది, ఆఖరికి "దీనికెవరైనా దిష్టి పెట్టారేమో" అని తేల్చేసింది.

కాలేజీ డిబేట్లలో నా చేతికి మైకొస్తే టైమ్‌కీపరు గంట కొట్టీ కొట్టీ విసిగిపోయి దాన్ని బల్ల కింద పెట్టేసేవాడు. అలాంటి నా నోరు మూయించింది ఏ ప్రత్యర్థో, ఏ జడ్జో కాదండి. ఒక రేవు! నాలుగు మెట్లూ, కాసిని గోదారి నీళ్ళూ ఉండే మామూలు రేవు!

దీనంతటికీ మూలం మా అత్తయ్య. నాన్నకి అక్క. నరసాపురంలో ఉంటుంది, సోషల్ టీచరుగా రిటైరైంది. బడి మానేసిందే గానీ ప్రశ్నలడగడం మానలేదు. ప్రతి శనివారం మా ఫ్యామిలీ గ్రూపులో ఊళ్ళ పేర్ల మీద ఒక పొడుపు వదుల్తుంది. "ద్రాక్షతోట ఒక్కటీ కనపడదు, పేరులో మాత్రం ద్రాక్ష" అంటే ద్రాక్షారామం. అలాగన్నమాట. ముందు చెప్పినవాళ్ళకి ఆ వారమంతా పొగడ్తలే పొగడ్తలు. ఒకసారి మొగల్తూరు పేరు మొగలాయిల నుంచి వచ్చిందని నేనూ, మొగలిపొదల నుంచని అత్తయ్యా వాదించుకున్నాం. నేను దిగిరాలేదు. అత్తయ్యే గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకుంది.

ఈసారి నానమ్మని చూడ్డానికి శుక్రవారమే పాలకొల్లు నుంచి నాన్నా నేనూ అత్తయ్యగారింట్లో దిగాం. నానమ్మని చూడ్డం పైకి చెప్పే కారణం. అసలు సంగతి వేరే ఉంది. నాకు వైజాగ్‌లో లా సీటొచ్చింది. నాన్నేమో "రాజమండ్రిలో చదువమ్మా, వారం వారం ఇంటికొచ్చేయొచ్చు" అంటున్నారు. ఆదివారం గుళ్ళో ఆరాధనయ్యి ఇంటికొచ్చాక భోజనాల దగ్గర, నానమ్మ ముందు, తేల్చేద్దామన్నారు. మా ఇంట్లో నానమ్మంటే సుప్రీంకోర్టే. నేను స్పీచి సిద్ధం చేసుకున్నాను. అద్దం ముందు రిహార్సల్ కూడా అయింది. ఒక చోట గొంతు వణకాలి, అది కూడా సెట్ చేసి పెట్టుకున్నాను.

శనివారం పొద్దున్నే నానమ్మని ఇంట్లో ఉంచి, అత్తయ్య మమ్మల్నందర్నీ రేవుకి తీసుకెళ్ళింది. మెట్ల మీద కూర్చుని ఇడ్లీలు తింటుంటే, "ఈ వారం ఫోన్లో చెప్తే కుదరదు. ఆ చోటికెళ్ళి ఫోటో దిగి పొద్దుగూకేలోపు పంపించాలి" అంటూ పొడుపు విప్పింది.

"సముద్రం దాటి వచ్చారు. వ్యాపారం చేశారు. వెళ్ళిపోయారు. ఊళ్ళో వాళ్ళ గుర్తులేం మిగల్లేదు. నీళ్ళ దగ్గర పేరొక్కటీ ఉండిపోయింది. ఎక్కడ?"

పోటీ నాకూ జోయెల్ బావకీ. బావ అంటే అత్తయ్య కొడుకు, రొయ్యల చెరువులకి మేత సప్లై చేస్తాడు. మాటకింతని ఎవరో బిల్లేస్తున్నట్టు పొదుపుగా మాట్లాడతాడు. నేను పది వాక్యాలంటే వాడు "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"కే నాకు ఒళ్ళు మండుతుంది.

"పందెం ఏంటి బావా?" అన్నాను.

ఇడ్లీ పూర్తిగా నమిలాక చెప్పాడు. "నేనోడితే, రేపు నీ తరఫున మావయ్యతో నేను మాట్లాడతా."

"నువ్వా? మాట్లాడతావా? సరే, నేనోడితే?"

"రేపు గుడిగంట కొట్టిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా నువ్వు నోరు తెరవకూడదు."

రేపే కదా నా కేసు! తెలివున్నవాళ్ళెవరైనా వద్దంటారు. కానీ "భయమా లాయరమ్మా?" అన్నాడు చూడండి, అంతే! "డన్!" అనేశాను.

అత్తయ్య మధ్యవర్తి. "గుళ్ళో పాటల సంగతేంట్రా?"

"పెదాలాడించుకోవచ్చు. సౌండ్ రాకూడదు."

"ప్రార్థన చివర్న ఆమెన్ అనకపోతే మాత్రం నేనొప్పుకోను" అంది అత్తయ్య.

"సరే. ఆమెన్ ఒక్కటీ ఫ్రీ."

ఇక చూస్కోండి. ఆ మెట్ల మీదే లేచి నిలబడి, గొడుగు పక్కన పెట్టి, నాన్నకి కేసు వివరించాను. "నాన్నా, పాయింట్ నంబర్ వన్. ఇంగ్లీషువాళ్ళు కాదు. వాళ్ళు ధవళేశ్వరంలో ఆనకట్ట వదిలారు. పాయింట్ నంబర్ టూ. హాలెండువాళ్ళు కాదు. వాళ్ళు మన పాలకొల్లులో సమాధులు వదిలారు. పాయింట్ నంబర్ త్రీ. మిగిలిందెవరు? ఫ్రెంచివాళ్ళు! ఫ్రెంచివాళ్ళంటే యానాం. నీళ్ళంటే గౌతమి. కేస్ క్లోజ్డ్!"

"యానాంలో వాళ్ళ గుర్తులన్నీ మిగిలే ఉన్నాయి కదమ్మా" అన్నారు నాన్న.

"అది మైనర్ పాయింట్ నాన్నా."

"కాదమ్మా, అసలు ఈ రేవు పేరే..."

"పాయింట్ ఆఫ్ ఆర్డర్! టైమ్ లేదు. మీరు బండి తియ్యండి!"

నాన్న మండలాఫీసులో గుమాస్తా. ఎదుటివాళ్ళు గట్టిగా మాట్లాడితే ఫైలు ముందుకి జరిపే అలవాటు. బండి తీశారు. వెనక్కి తిరిగి చూస్తే బావ ఇంకో ఇడ్లీ పెట్టించుకుంటున్నాడు. "పాపం, క్లూ అర్థం కాలేదు" అని నవ్వుకున్నాను కూడా.

మనుషుల్నీ బళ్ళనీ కలిపి గోదారి దాటించే పంటు ఉంటుంది కదా, అది ఎక్కి సఖినేటిపల్లిలో దిగాం. అది వశిష్ఠ పాయ. రాజోలు దాటాక వంతెన మీద వైనతేయ. అమలాపురం మీదుగా పోయి, ఎదుర్లంక వంతెన మీద గౌతమి. నా మూడు పాయింట్ల కోసం మా నాన్నని స్కూటీ మీద మూడు పాయలు దాటించానండి! దారి పొడుగునా ఆయన చెవిలో ఆదివారం స్పీచి రిహార్సలొకటి. రాజోల్లో "కాస్త టీ తాగుదామా అమ్మా?" అన్నారు. "గెలిచాక తాగుదాం" అన్నాను. అమలాపురంలో "నడుం పట్టేసిందమ్మా" అన్నారు. "చరిత్ర నడుం చూడదు నాన్నా!" అన్నాను. అన్నానండి, అలాగే అన్నాను.

యానాంలో గోదారి గట్టు మీద రెండు వేళ్ళు చూపించి ఫోటో దిగాను. గ్రూపులో పెట్టి, కింద నా మూడు పాయింట్లూ టైప్ చేశాను. ఒక నిమిషంలో అత్తయ్య జవాబు.

"ఫోటో చాలా బాగుంది షారోనూ. ఇది ఎక్కడమ్మా?"

దాని కిందే బావ ఫోటో వచ్చింది. పొద్దున మేం ఇడ్లీలు తిన్న మెట్లు! అదే రేవు! కాలు మీద కాలేసుకుని కూర్చుని చేతిలో మిరపకాయ బజ్జీ పట్టుకున్నాడు. ఎండ తగలకుండా నెత్తిన ఊదారంగు గొడుగు. నా గొడుగు! స్పీచి ఊపులో అక్కడే మర్చిపోయొచ్చాను.

కింద అత్తయ్య వివరణ. "వలంధర రేవు. హాలెండువాళ్ళని మన పెద్దలు వలందాలు అనేవారు. జోయెల్ కరెక్ట్. పొద్దున్నే చెప్పేశాడు, ఇడ్లీ తింటూనే."

సమాధానం మీద నిలబడి, సమాధానాన్ని కొట్టిపారేసే స్పీచిచ్చి, అక్కణ్ణించి పంటెక్కి వెళ్ళిపోయిన మనిషి గోదావరి జిల్లాల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మెల్లగా నాన్న వైపు తిరిగాను. "నాన్నా... పొద్దున మీరు ఆ రేవు పేరేదో చెప్పబోయారు..."

"అవునమ్మా. పాయింట్ ఆఫ్ ఆర్డర్ వచ్చింది" అన్నారు ప్రశాంతంగా. "దాహంగా ఉంది. బొండాం తాగుదామా? లేక దానిక్కూడా మూడు పాయింట్లున్నాయా?"

మళ్ళీ మూడు పాయలూ దాటుకుంటూ వచ్చాం. ఈసారి రిహార్సల్ లేదు.

ఆదివారం గంట కొట్టింది. నా నోరు మూతపడింది. గుళ్ళో నాకిష్టమైన పాటలన్నీ ఆ రోజే పాడారు. నేను గాజుతొట్టెలో చేపలా పెదాలాడించాను. బయటికొస్తుంటే పాస్టరమ్మగారు "ఏమ్మా షారోన్, ఒంట్లో బాగాలేదా?" అనడిగారు. నేను నవ్వాను. నాన్న మాత్రం "ఇవాళ చాలా బాగుందండి" అన్నారు. ఆ బాగున్నది ఎవరికో ఆయన చెప్పలేదు.

భోజనాలకి కూర్చున్నాం. కోడి పలావు, రొయ్యల ఇగురు. నాన్న గొంతు సవరించుకున్నారు. "అమ్మా, షారోన్ చదువు సంగతి. రాజమండ్రే మంచిదని నాకనిపిస్తుంది. ఎవరికైనా అభ్యంతరముందా?"

నాకుంది! నాకు నలభై అభ్యంతరాలున్నాయి! అన్నీ గొంతులో క్యూ కట్టి నిలబడ్డాయి. నేను కళ్ళతో చెప్పాను, చేతుల్తో చెప్పాను, రొయ్యని గాల్లో తిప్పి వైజాగ్ సముద్రం కూడా చూపించాను. నానమ్మ "కారంగా ఉందేమో, దానికి మజ్జిగ పొయ్యండే" అంది.

బావ నా మొహం వంక చూశాడు. జాలేసిందేమో. గెలిచినవాడు, మాట్లాడాల్సిన అవసరం లేనివాడు, గ్లాసు కింద పెట్టి నోరు తెరిచాడు.

"మావయ్యా. వైజాగ్ పంపించండి."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పు బావా! మూట్ కోర్టుల గురించి చెప్పు! హాస్టల్ గురించి చెప్పు! ఆడపిల్లల చదువు గురించి చెప్పు!

"రాజమండ్రైతే వారం వారం వచ్చేస్తుంది మావయ్యా" అన్నాడు బావ. "వైజాగైతే క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ వస్తుంది."

అంతే. అదే మొత్తం వాదన.

నాన్న నమలడం ఆపారు. "వారం వారం?" అన్నారు.

"వారం వారం" అన్నాడు బావ.

నాన్న చెయ్యి మెల్లగా నడుం మీదికి పోయింది. మూడు పాయలూ ఆయన కళ్ళ ముందు కదిలినట్టున్నాయి. "అదీ పాయింటే" అన్నారు.

"పిల్లని వైజాగ్ పంపించెయ్యిరా" అని నానమ్మ తీర్పిచ్చేసింది. అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

నేను గెలిచాను! కానీ ఎంత దరిద్రమైన పాయింటుతో! లాజిక్ లేదు, ఎవిడెన్స్ లేదు, పైగా నా మీద పరువునష్టం! ఒక్క నిమిషం మైకిస్తే ఆ వాదనని చీల్చి చెండాడి ఉండేదాన్ని. ఆ చెండాడ్డంలో సీటు పోయినా సరే!

"ఏమ్మా షారోన్? నీకు సమ్మతమేనా?" అన్నారు నాన్న.

కిటికీలోంచి చూశాను. ఎండ ఇంకా నడినెత్తినే ఉంది. బావ కళ్ళెగరేశాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు అనుమతున్న మాట ఒక్కటే.

"ఆమెన్" అన్నాను.