పలక మీద రెండు దెబ్బలు

నా పదకొండో ఏట మా నాన్నతో ఒక అబద్ధం ఆడాను. నోటితో కాదు, వేలి కణుపుతో. పోయిన ఆదివారం దాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పేజీలో "సాయంత్రం పుస్తకం కొన్నాం" అని మాత్రమే ఉంది. ఆ డైరీ ఇప్పుడు నా ముందుంది. పాత కేలండరు కాగితంతో అట్ట వేసిన లావుపాటి నోటుపుస్తకం. తెరిస్తే ఈనాటికీ అవిసె నూనె, గుగ్గిలం కలిసిన వాసన వస్తుంది, పేజీల మధ్య నుంచి సన్నటి టేకు పొట్టు రాలుతుంది. ఆ వాసన తగిలితే చాలు, విశాఖపట్నం వన్‌టౌన్‌లో మేం అద్దెకున్న పెంకుటిల్లూ, దాని వెనక పెరడూ, పెరట్లో తాటాకు పాక కింద ఇరవై రెండు అడుగుల తెరచాప పడవా నా కళ్ల ముందు నిలబడతాయి.

మా నాన్న శామ్యూల్ పోర్టు వర్క్‌షాపులో వడ్రంగి. ఆ పడవ దొరల కాలంలో ఎవరో సరదాగా షికారుకి తిరగడానికి కట్టించుకున్నది. తర్వాత అడిగేవాళ్లు లేక ఏళ్ల తరబడి ఒక గోదాము వెనక బోర్లా పడి ఉండేది, దాని నీడన మేకలు పడుకునేవి. వెనక భాగంలో ఒకప్పటి పేరు చెరిగిపోయి రెండే ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి. దాన్ని వంటచెరుకు కింద వేలం వేస్తుంటే నాన్న పాడి తెచ్చుకున్నాడు. అప్పుడు నాకు ఏడేళ్లు. రెండు ఎడ్లబళ్లు జోడించి, వాటి మీద పడవని కట్టి, సందు మలుపులో ఇరుక్కుంటే గోడ అంచు కొట్టించి, ఊరేగింపులా తీసుకొచ్చారు. మా అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసి, "సవితిని తెచ్చీసేరు, హారతియ్యమంటారేటి?" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ పడవ పేరు సవితి.

నాన్న వర్క్‌షాపు నుంచి ఐదింటికి వచ్చి, టీ తాగి, చొక్కా విప్పి మేకుకి తగిలించి పాకలోకి వెళ్లిపోయేవాడు. ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నమంతా అక్కడే. వేసవిలో అమ్మ తాటిముంజెలు ఒలిచి గిన్నెలో వేసి పంపితే, గుగ్గిలం అంటిన వేళ్లతోనే తినేవాడు. వానాకాలం పాకలో నీళ్లు నిలిచి, మేం పడవలోకి ఎక్కి కూర్చుంటే అది కాసేపు నిజంగానే తేలుతున్నట్టుండేది. వైశాఖంలో సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పగాలికి ఇంట్లో కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టేవి గాని, నాన్న రాగి మేకులు మాత్రం కొత్తపైసల్లా మెరిసేవి. నాకు స్నేహితులు తక్కువ. తోటిపిల్లలు సందులో ఏడుపెంకులాట ఆడుతుంటే నేను పడవ పొట్టలో కాళ్లు చాపుకుని, అద్దెకి తెచ్చుకున్న పుస్తకం చదివేదాన్ని, లేకపోతే డైరీ రాసేదాన్ని. ఆ వంపు తిరిగిన పలకల మధ్య నన్ను ఎవరూ ఏమీ అడగరు. చెవి ఆనిస్తే చెక్కలోంచి నాన్న చిత్రిక పడుతున్న చప్పుడు, వీధిలో రిక్షా గంట, దూరంగా రేవులో ఓడ కూత, అన్నీ ఒకే దారిలో వచ్చేవి.

జాలరిపేట నుంచి చేపలు తెచ్చే పోలమ్మ రోజూ గంప దించి, ముందు పాకలోకి తొంగి చూసి, ఆ తర్వాతే నెత్తళ్లు కొలిచేది.

"ఏటి బావూ, ఇంకా కాలేదా? మావోళ్లు నెల్లాళ్లలో తెప్ప కట్టీసి సేపలట్టుకొచ్చెత్తారు. నీ పడవకి మనవలు పుట్టేత్తన్నారు."

"ఇది తెప్ప కాదు పోలమ్మా."

"నాకు తెల్దేటి. తెప్పయితే నీళ్లల్లో ఉంటాది."

అమ్మ నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయేది.

అసలు సంగతి మా ముగ్గురికే తెలుసు. నాన్నకి చెవులు మందగిస్తున్నాయి. ఓడల ఇనప రేకుల మీద తుప్పు రాల్చే సుత్తుల మధ్య ఇరవై ఏళ్లు పనిచేసిన చెవులవి. మాటలు పెదవులు చూసి పట్టుకునేవాడు. పెద్ద చప్పుళ్లు వినపడేవి, చిన్న తేడాలు తెలిసేవి కావు. వర్క్‌షాపులో తెలిస్తే ఎక్కడ పని తప్పిస్తారోనని ఇంట్లో గట్టిగా మాట్లాడటం కూడా మానేశాం. కానీ పడవ పలక మంచిదో పుచ్చిందో తేల్చేది చెవే. కొయ్యసుత్తితో మెల్లగా కొడితే మంచి టేకు ఖంగుమంటుంది, లోపల పుచ్చితే తడిసిన అట్టపెట్టెలా డబ్బుమంటుంది. అందుకని నాన్న నన్ను లోపల కూర్చోబెట్టేవాడు. ఆయన బయట నుంచి ఒక్కో పలక కొట్టి, ఎడమ అరచెయ్యి దాని మీద ఆనించి ఆగేవాడు. నేను చెవి ఆనించి విని, మంచిదైతే వేలి కణుపుతో ఒక దెబ్బ, పుచ్చిందైతే రెండు దెబ్బలు కొట్టేదాన్ని. నా దెబ్బ ఆయన చెవికి వినపడదు, అరచేతికి తెలుస్తుంది. బళ్లో పేరు పిలిస్తే పలకడానికి గొంతు పెగలని నేను, ఆ పడవలో మాత్రం తీర్పరిని. నేను రెండు కొడితే పలక ఊడేది, ఒకటి కొడితే ఉండేది.

ఇక నా అబద్ధం. క్రిస్మస్‌కి పది రోజులుంది. ఇంట్లో అమ్మ గులాబీ పువ్వుల అచ్చుని కాగే నూనెలో ముంచి తీస్తోంది, యాలకుల వాసన పాక దాకా వస్తోంది. ఎడంపక్క వెనకవైపు కింది నుంచి మూడో పలక ఒక్కటే మిగిలింది. అది మంచిదైతే ఆ పక్కంతా అయిపోయినట్టే, సందుల్లో నూలు కూరి గుగ్గిలం పట్టించి రంగు వేసుకోవచ్చు. పుచ్చిందైతే దాని పైన ఇప్పటికే బిగించిన నాలుగు కొత్త పలకలూ ఊడదియ్యాలి. నాన్న చేతులు వాచి ఉన్నాయి. ఆ పూట పని తొందరగా అయితే, పూర్ణా మార్కెట్ దగ్గర పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలమ్మే ఆయన దగ్గరికి తీసుకెళ్తానని నాకు మాటిచ్చాడు. అక్కడ నీలం అట్ట పుస్తకం ఒకటి నాకోసమే ఉందని నెల రోజులుగా నా నమ్మకం.

నాన్న కొట్టాడు. పలక డబ్బుమంది. అనుమానమే లేదు.

నేను ఆగాను. ఒక దెబ్బ కొట్టాను.

బయట నాన్న కూడా కాసేపు కదల్లేదు. తర్వాత సుత్తి కింద పెట్టి, "పద, ముఖం కడుక్కో" అన్నాడు. ఆ పుస్తకం చాలా బాగుంది. బాగులేకపోయుంటే కొంత ఊరటగా ఉండేది.

మూడేళ్ల తర్వాత ఇంటాయన పెరట్లో లాడ్జి కడతానని మమ్మల్ని ఖాళీ చెయ్యమన్నాడు. వానలు పడేలోపు వెళ్లిపోవాలి. ఉక్కు ఫ్యాక్టరీ పనులకి ఎక్కడెక్కడి వాళ్లో ఊళ్లోకి వస్తున్న రోజులు, ఇళ్లకి గిరాకీ పెరిగింది. మాకు గాజువాకలో దొరికిన రెండు గదులకి పెరడు లేదు. పడవకి కింద భాగం, పక్కలు పూర్తయ్యాయి, పైన సగం పని ఉంది, తెరచాప స్తంభం ఇంకా నిలబెట్టలేదు. టింబరు డిపో అతను వచ్చి జానతో కొలిచి, కోయించి టేకు కింద పట్టుకుపోతానన్నాడు. వేరే ఎవరైనా రాకపోతే వచ్చే సోమవారం రంపంతో మనుషుల్ని పంపుతానన్నాడు. ఆ వారం నాన్న పాకలోకి వెళ్లలేదు. అమ్మ ఒక్కతే చీపురు పట్టుకెళ్లి సవితి లోపలంతా ఊడ్చి వచ్చింది.

శనివారం సాయంత్రం, పడవ అమ్మకానికుందని విని గఫూర్ సాహెబు వచ్చాడు. వన్‌టౌన్‌లో తాళ్లూ తెరగుడ్డా అమ్మే కొట్టు ఆయనది. తెల్ల టోపీ, గడ్డంలో కొబ్బరి పీచు.

"ఏమయ్యా శామ్యూలూ, ఇన్నేళ్లు నా కొట్లో తాళ్లు కొంటే మేకలకేమో అనుకున్నాను. ఇంత పడవా?" అని చుట్టూ తిరిగాడు. వాళ్ల తాత సరంగుగా రంగూన్ దాకా తెరచాప మీద వెళ్లొచ్చాడట. "నాను మాత్రం తాళ్లు అమ్మీవోణ్ణే. ఒక్క తాడు లాగి ఒక్క తెరా ఎత్తలేదు. అరవై దాటింది. దీన్ని నీళ్లల్లోకి దించాలని ఉంది గాని, పైన రంగేసీసావు. లోపల ఏటుందో నాకెలా తెలుస్తాది?"

నాన్న అప్పుడు నేను ఊహించని పని చేశాడు.

"నా మాటొద్దు సాహెబూ. నాకు చెవులు సరిగ్గా ఇనపడవు, చానాళ్లయింది. ఈ పలకలన్నీ మా గుంట బుల్లి ఇన్నాది. అది లోపల కూకుంటాది, మీరు కొట్టండి. ఏది మంచిదో అదే సెప్తాది."

అమ్మ వంటింటి గుమ్మంలో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పోర్టులో ఎవరికీ తెలియకుండా దాచిన మాట, తాళ్ల కొట్టాయన ముందు అంత మామూలుగా చెప్పేశాడు.

నేను ఎక్కి కూర్చున్నాను. నాకు పద్నాలుగేళ్లు, మోకాళ్లు ఇప్పుడు పక్కలకి తగులుతున్నాయి. గఫూర్ సాహెబు కుడిపక్కంతా కొట్టాడు. అన్నీ ఖంగుమన్నాయి, అన్నిటికీ ఒక్కో దెబ్బ. ఆయన తృప్తిగా సుత్తి దించబోయాడు. "ఎడంపక్కా సూడండి," అన్నాడు నాన్న. ఒకటి, రెండు. మూడో పలక. డబ్బుమంది, మునుపటికంటే మెత్తగా. ఇక్కడ ఒకటి కొడితే పడవ బతుకుతుంది. రెండు కొడితే సోమవారం రంపం వస్తుంది. ఒకటి కొడితే ఆ ముసలాయన ఈ పలక నమ్ముకుని సముద్రం మీదకి వెళ్తాడు. బయట అరచెయ్యి ఆనిన చప్పుడు విన్నాను. అది నాన్న చెయ్యి.

రెండు దెబ్బలు కొట్టాను.

నాన్న ఉలి తెచ్చి రంగు గీకి అదిమాడు. కొన, తడిపిన రొట్టెలోకి దిగినట్టు దిగిపోయింది. నేను కిందికి దిగి ఎవరి ముఖమూ చూడకుండా నిలబడ్డాను. గఫూర్ సాహెబు ఆ కన్నంలో వేలు పెట్టి, తీసి, పొట్టు వాసన చూసి, "మిగతావన్నీ మంచివని ఇప్పుడు నమ్ముతాను," అన్నాడు. "ఈ పలక మాత్రం నువ్వే మార్చాలి శామ్యూలూ. ఆదివారాలు రా. ఈ బేటీని కూడా తీసుకురా, నా చెవులు కూడా అంతంత మాత్రమే." నాన్న, "మూడేళ్లలో పుచ్చిపోయినట్టుంది," అన్నాడు. నేను తలూపాను. అలా రెండో అబద్ధం కూడా ఆడాను.

సోమవారం రంపం వాళ్లకి బదులు పడవని చేపల రేవుకి మోసుకెళ్లడానికి పోలమ్మ మనుషులు పదిమంది కర్రలతో వచ్చారు. "దీనికి పెళ్లయిపోనాదే," అని ఆమె అమ్మని వెక్కిరించింది. అమ్మ ఏడ్చింది, ఎందుకో అడిగితే గుగ్గిలం పొగ అంది. ఆ యేడు ఆదివారాలన్నీ చేపల రేవు దగ్గర గడిచాయి. నాలుగు పలకలు ఊడదీసి, మూడోది మార్చి, మళ్లీ బిగించాం. చలికాలంలో ఒక ఉదయం అది డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి వెళ్తుంటే ఒడ్డున నిలబడి చూశాను. గఫూర్ సాహెబు టోపీ గాలికి ఎగిరిపోయింది, ఆయన తాడు వదల్లేదు.

ఆయన పోయాక పడవని కొడుకులు కాకినాడ వైపు ఎవరికో ఇచ్చారని విన్నాను. కొట్లో ఇప్పుడు నైలాన్ తాళ్లే ఉన్నాయి, కొబ్బరి పీచు వాసన లేదు. పెరడున్న చోట మూడంతస్తుల లాడ్జి ఉంది. పోలమ్మ గంప మోయడం మానేసింది. నేను అచ్యుతాపురం బళ్లో టీచర్ని, ఆదివారాలు గాజువాక వస్తాను. నాన్నకి ఇప్పుడు పెద్ద చప్పుళ్లు కూడా వినపడవు. అరిచి చెప్పగలిగే సంగతి కాదు గనక, డైరీలో ఒక పేజీ నిండా రాసి, చింపి, పోయిన ఆదివారం బస్‌స్టాపులో ఆయన చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, చివరి దాకా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంతలో బస్సొచ్చింది. నేనెక్కి కిటికీ దగ్గర కూర్చుంటే, కింద నుంచి బస్సు రేకు మీద ఎడమ అరచెయ్యి ఆనించి అన్నాడు:

"ఆ పూట నాకూ అలుపొచ్చీసింది. మంచి పలక్కి నువ్వెప్పుడూ అంతసేపు తియ్యలేదు, బుల్లీ."