మోతీని చూడ్డానికి కర్నూలు పోయి వచ్చాం

నేను చెబుతుంటే మా ఊరి టీచరమ్మ రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, అంతకు మించి రాదు. కర్నూలులో ఆడుతున్న ఆ రాజుల సినిమాకు మా పల్లె నుంచి ఇంకా చాలామంది పోవాలనుకుంటున్నారు. పోండి, వద్దనను. మాకు జరిగింది విని పోండి.

మాది డోన్ దగ్గర పల్లె. నేనూ, పక్కింటి ఖాసింబీ, ఇద్దరం మొగుళ్లు పోయినవాళ్లం. ఆమె మొగుడు జట్కా తోలేవాడు. జట్కా ఎక్కేవాళ్లు కరువయ్యాక వాళ్ల ఎర్రగుర్రం మోతీయే పెళ్లికొడుకులను ఊరేగించి ఆ ఇల్లు నడిపింది. పిల్లగా ఉన్నప్పుడు కుక్క కరిచి దాని ఎడమ చెవి చీలింది. ఓర్వకల్లు రాళ్లగుట్టల్లో ఈ సినిమా తీసేటప్పుడు గుర్రాలు కావాలని వచ్చి మోతీని తోలుకుపోయారు. ఆ నెలలోనే ఖాసింబీ మొగుడు పోయాడు. మేపే దిక్కులేక ఆమె గుర్రాన్ని ఆ తీసుకుపోయిన ఆసామికే ఇచ్చేసింది. ఆ తర్వాత అది ఏమయిందో కబురు లేదు. యుద్ధం తీసేటప్పుడు గుర్రాలను నిజంగానే పడేస్తారని, కాలు విరిగితే ఆడనే వదిలేస్తారని ఎవరో అన్నారు. ఇక ఆమెకు కూడు సయించలేదు.

"ఒక్క తూరి కండ్లతో చూడాల హుసేనమ్మా. లేసి నిలబడిందా లేదా, అంతే," అని నా వెంట పడింది.

నా పేరు గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మకు పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే పీర్ల చావిడిలో మొక్కుకుంది, నేను నిలిచాను. మా ఇంటి దేవుడు మద్దిలేటి నరసింహస్వామి, నా పేరు హుసేనమ్మ. మా వైపు ఇట్లాంటి పేర్లు చాలా ఇళ్లలో ఉంటాయి. ఊళ్లో ఎవరూ వింతగా చూడరు.

ఆదివారం పొద్దున పది గంటలకు డోన్‌లో కర్నూలు పోయే పల్లెవెలుగు బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు టికెట్టు డబ్బుల్లేవు గాని ఆధార్ కార్డు చూపించాలి, మరవకండి. వెల్దుర్తిలో టమోటా బుట్టతో ఒకామె ఎక్కి మా పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"యాడికి పోతాండారక్కా ఇద్దురూ?"

"సినిమాకు."

"ఆ రాజుల సినిమాకా! నేను మొన్న పోయింటి. ఆ దుష్టుడు సుల్తాను తెరమీదికి వస్తానే మొగోళ్లు కుర్చీలెక్కినారు. మా మరిది చొక్కా చించుకున్యాడు, కొత్తది!" అని నవ్వింది. అంతలో ఖాసింబీ తలమీద కొంగు చూసి గొంతు తగ్గించింది. "మీరు నోరు మెదపాకండి. చూసి గమ్మున వచ్చేయండి."

దిగి వెనక్కి పోదామా అనుకున్నాను. ఖాసింబీ కిటికీలోంచి రోడ్డు పక్క ప్రతి గుర్రాన్నీ, గాడిదనూ కూడా చూస్తోంది.

కర్నూలు బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జీ తిన్నాం. రుచిగానే ఉంది. ఖాసింబీ తినలేక తన బజ్జీలు కాగితంలో చుట్టి పెట్టుకుంది. ఆటోలో హాలు దగ్గర దిగితే వాకిట్లో చెప్పుల గుట్ట. గుడి ముందర కూడా అన్ని చూడలేదు.

"ఇడిసి పోండవ్వా. రాజు సినిమాకు ఎవురూ చెప్పులేసుకోని పోల్యా," అన్నాడు టికెట్లు చింపే అతను. మేమూ విడిచాం.

రెండున్నరకు ఆట మొదలైంది. రాజు ముఖం కనపడగానే హాలంతా లేచింది. ఈలలు, కాగితాల వాన. ముందు వరుసలో ఒకతను కర్పూరం వెలిగించి తెరకు హారతి పట్టాడు. నా పక్కన ఒక పెద్దావిడ కొంగుతో కండ్లు తుడుచుకుంటూ చేతులు జోడించింది. నేనూ జోడించాను, రాజు మంచివాడే మరి. అటు తర్వాత శత్రువుల దండు వచ్చింది. వాళ్ల పేర్లు వినపడగానే వెనక వరుసలో ముగ్గురు కుర్రాళ్లు తిట్టిన తిట్లు టీచరమ్మ చేత రాయించలేను. ఆ పేర్లలో సగం మా పల్లెలో ఉన్న పేర్లే. ఖాసింబీ కొంగు ఇంకా ముందుకు లాక్కుంది.

యుద్ధం వచ్చింది. దుమ్ములోంచి శత్రువు మనిషిని మోస్తూ ఒక ఎర్రగుర్రం ఉరికొచ్చింది. ఖాసింబీ నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది.

"చీలిన చెవి! చూడు, చీలిన చెవి! మా మోతీ!"

ఆ మాట పూర్తి కాలేదు. ఈటె దిగింది, మనిషి పడ్డాడు, గుర్రం మెడ కిందుగా మడుచుకుని పడింది. హాలంతా అరుపులు, చప్పట్లు. ఆ సంబరం మధ్యలో ఖాసింబీ ఒక్కతే శోకం పెట్టి ఏడ్చింది.

చప్పట్లు మా చుట్టూ ఆగిపోయాయి. వెనక కుర్రాడు వంగాడు.

"ఎవురికోసమే ముసిల్దానా ఏడుస్తాండావు? వాళ్లు సస్తే నీకేం నొప్పి?"

ఆమె కొంగులో ముఖం దాచుకుంది. వాడు నా వైపు తిరిగాడు. నా నుదుట బొట్టు లేదు, ఆమె నుదుటా లేదు. ఇద్దరి తలలమీదా కొంగులే.

"నీ పేరేంది?"

"హుసేనమ్మ."

"అట్ల చెప్పు! ఇద్దురూ ఒకటే," అన్నాడు ఇంకొకడు.

మాది మద్దిలేటి స్వామి ఇల్లు అంటే చాలు, నన్ను వదిలేస్తారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది బయటికి వస్తే, వాళ్ల చూపంతా ఖాసింబీ ఒక్కదాని మీద పడుతుంది. మింగేశాను.

"ఆ పడిన గుర్రం ఈమెది నాయనా. సాకింది. దానికోసం ఏడుస్తాంది," అన్నాను.

"గుర్రమంట రా!" అని నవ్వారు. ఒక నీళ్ల సీసా వచ్చి నా కుర్చీకి తగిలింది. హారతి పట్టినతను కూడా వెనక్కి తిరిగి చూశాడు. విరామం దీపాలు వెలగగానే ఆమె మణికట్టు గట్టిగా పట్టి లాక్కుని బయటపడ్డాను. ఆ గుట్టలో చెప్పులు వెతికే ధైర్యం లేకపోయింది. కాలే తారురోడ్డు మీద ఉత్తకాళ్లతో ఆటో దాకా ఉరికాం.

బస్టాండులో కూడా నేను స్తంభం చాటునే కూర్చున్నాను. ఖాసింబీ ఒకటే మాట.

"లేసిందా హుసేనమ్మా? నువ్వు చూసింటావు గదా?"

నేను చూడలేదు. గుర్రం పడిన క్షణం నుంచి నేను వెనక వరుసనే చూస్తూ ఉన్నాను.

డోన్ బస్సు రాక సాయంత్రమయింది. ఎక్కి కూర్చున్నామో లేదో, ఆ కుర్రాళ్లే ముగ్గురూ ఎక్కారు. వచ్చి మా సీటు పక్కనే నిలబడ్డారు. కండక్టరు ఎంత దూరంలో ఉన్నాడో చూసుకున్నాను. దూదేకొండ గుట్టలో పాము ఎదురైనప్పుడు కూడా నాకంత భయం వేయలేదు. ఊరు దాటాక నన్ను పేరడిగినవాడే వంగాడు.

"అవ్వా."

నేను ఖాసింబీ వైపు జరిగాను.

"సగంలోనే లేసిపోతిరి గదా. ఆ గుర్రం మళ్లా వచ్చినాది."

ఖాసింబీ కొంగు వెనక్కి జారింది. "ఏ గుర్రం?"

"చీలిన చెవిది. నువ్వు అరిస్తివే, దాంతో నా కన్ను దానిమీదనే పడిండాది. రెండో సగంల ఉరుకుతాంది. ఈ తూరి మన రాజు దండులో ఉండాది, జీను మార్చినారు."

"కుంటుతాందా నాయనా?"

"ల్యా అవ్వా. బాగ ఉరుకుతాంది."

వెనకవాడు పకపకా నవ్వాడు. "దానికి ఈలేసింది గూడా వీడే అవ్వా!"

కుర్రాడు నవ్వలేదు. "మేం ఏమో అనుకుంటిమి," అని కిటికీ వైపు చూశాడు. ఖాసింబీ పొద్దుటి బజ్జీల పొట్లం విప్పి వాడి చేతిలో పెట్టింది. చల్లారి మెత్తబడినా ముగ్గురూ తిన్నారు. వెల్దుర్తిలో దిగిపోయారు.

పోయేవాళ్లకు నా మాట ఇదే: సినిమా బాగుంది, రాజు గొప్పవాడు. దారి పక్క సీటు చూసుకుని కూర్చోండి. ఎవరి కోసం ఏడవాలో ఏడవండి, పక్కన మనిషిని మాత్రం పట్టుకుని ఉండండి.

డోన్‌లో దీపాల కింద దిగినప్పుడు ఖాసింబీ ముఖం విప్పారి ఉంది. "మళ్లా పోదామా, రెండో సగానికి?" అంది. నేను ఆమె మణికట్టు వైపు చూస్తున్నాను. హాల్లో పట్టుకున్న నా గోళ్ల గుర్తులు అక్కడ ఇంకా ఎర్రగానే ఉన్నాయి.