పచ్చికలో ఆవు తిరిగిన మలుపు

దయ్యాల్లేవని జీవితమంతా సభల్లో వాదించిన మనిషి ఒక్క ఉదయానికి జవాబు చెప్పలేకపోతే, ఆ మనిషి ఓడిపోయినట్టేనని మీరు చప్పట్లు కొడతారా?

కొట్టే ముందు జరిగింది వినండి. నేను దయ్యాన్నీ నమ్మలేదు, దేవుణ్ణీ నమ్మలేదు. నా పెళ్ళి దండలు మార్చుకుని జరిగింది, మంత్రాలతో కాదు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

మా తమ్ముడు సురేష్ న్యూజెర్సీలో, రారిటన్ నదిలో కలిసే ఒక వాగు పక్కన ఇల్లు కొన్నాడు. ఎడిసన్‌లో ఉన్న మా ఇంటికి దగ్గరే. బ్రిటిష్ వలస కాలంలో అక్కడొక రేవు ఊరు ఉండేదట. నది పొంగినప్పుడల్లా గిడ్డంగులు మునిగేవి, ఊరివాళ్ళు మళ్ళీ కట్టుకునేవాళ్ళు. చివరికి విసిగి వేసారి ఊరంతా ఖాళీ చేసి పోయారు. ఇల్లు చూపించిన ఏజెంట్ దీన్ని ‘హిస్టారిక్ నైబర్‌హుడ్’ అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. మావాడు చరిత్రకు మురిసిపోయాడు. ఆ ఊరు ఎందుకు పోయిందని అడగలేదు.

గృహప్రవేశానికి ఆవు కావాలన్నారు. ఇక్కడ దానికీ ఏర్పాట్లున్నాయి. ఫామ్ నుంచి ఒక అమెరికన్ రైతు ట్రైలర్‌లో ఆవును తెచ్చి, ఇంట్లో నాలుగడుగులు వేయించి తీసుకుపోతాడు. నేను మండిపడ్డాను.

“ఆ ఆవొచ్చి హోమ్ ఇన్‌స్పెక్షన్ చేస్తుందా?” అంటే మా మరదలు హారిక చేతులు జోడించింది.

“వదినా, ప్లీజ్! ఇవాళ ఒక్కరోజు డిబేట్ వద్దు. మీరు కింద పిల్లల్ని చూసుకోండి, అదే పదివేలు.”

నాకూ అదే నచ్చింది. ఆ తంతుకు సాక్షిగా నిలబడటం కంటే, బేస్‌మెంట్‌లో పిల్లలతో బ్లాక్స్ పేర్చడం నయమనిపించింది. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది. ఎండ కూడా వచ్చింది. పైన అందరి ఫోన్లూ ఒక్కసారిగా వరద హెచ్చరికతో అరిచాయి. ముహూర్తం దాటిపోతుందని అందరూ నొక్కి ఆపేశారు. నేనూ ఆపేశాను. ఎండలో వరదేమిటనుకున్నాను.

కాసేపటికి సురేష్ మెట్ల మీంచి కేకేశాడు.

“అక్కా, పిల్లల్ని తీసుకుని పైకి రా! ఆవు కూడా మీ పార్టీయే. లోపలికి రానంటోంది!”

పిల్లలు బ్లాక్స్ వదిలేసి పరుగెత్తారు. నేను నవ్వుకుంటూ వెనకాల ఎక్కాను. గడప ముందు ఆవు కాళ్ళు బిగబట్టి నిలబడి ఉంది. పూజారి గారు అరటిపండు చూపిస్తున్నారు. రైతు ముఖం ఎర్రబడింది. “షీ నెవర్ డజ్ దిస్,” అంటున్నాడు. అంతలో ఆవు ఒక్క గుంజు గుంజి, తాడుతో పాటు రైతునూ లాక్కుంటూ పెరట్లోకి నడిచింది. పిల్లలు కేరింతలు కొడుతూ వెంటపడ్డారు. వాళ్ళ వెనక పెద్దవాళ్ళు ఫోన్లలో వీడియో తీస్తూ, పట్టుచీరలు ఎత్తిపట్టుకుని కదిలారు. ఇల్లు ఖాళీ అయింది.

ఇక్కడే నా తెలివి ఆగిపోతుంది. పెరడంతా సాపుగా ఉన్న పచ్చిక. అడ్డంగా రాయి లేదు, చెట్టు లేదు. ఆవు సగం దూరం తిన్నగా నడిచి, ఏమీ లేనిచోట ఎడమకు తిరిగింది. మలుపులో ఆగి, పక్కకు ఒదిగి నిలబడింది. తల నెమ్మదిగా ఇటు నుంచి అటు తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఒకదాని వెనక ఒకటి ఏవో దాటిపోతుంటే దారి ఇచ్చినట్టు ఉంది. ఆ తర్వాత తన వంతు వచ్చినట్టు కదిలి, వెనకున్న గుట్ట ఎక్కింది. మేమూ ఎక్కాం.

అప్పుడు వాగు గట్టు తెగింది. నీళ్ళు పెరడు దాటి ఇంటి మీదికి వచ్చాయి. బేస్‌మెంట్ కిటికీ అద్దం పగిలిన చప్పుడు గుట్ట మీదికి వినిపించింది. నేను పిల్లల్ని దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కరి తలా తడిమి చూసుకున్నాను. హారిక నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. “కిందే ఉండేవాళ్ళు కదా వదినా,” అంది. నేను కూడా ఏడ్చాను. ఆ ఏడుపంత హాయి నా జన్మలో ఎరగను.

నీళ్ళు తీశాక చూస్తే పచ్చిక మట్టితో సహా కొట్టుకుపోయింది. కింద పలకరాళ్ళు పరిచిన బాట బయటపడింది. వీడియో పెట్టి పోల్చి చూశాం. ఆవు నడిచింది ఆ బాట మీదనే. తిరిగింది ఆ మలుపులోనే. చూడటానికి వచ్చిన పురావస్తు పరిశోధకురాలు అది పాత ఊరి పశువుల దారి అని చెప్పింది. నది పొంగితే మందను అటే గుట్ట మీదికి తోలేవారట.

పశువులు నీటి అలికిడి ముందే పసిగడతాయి, ఒప్పుకుంటాను. గట్టి నేల వెతుక్కుంటూ నడిచిందందామా? ఆ రాళ్ళు మోకాలి లోతు మట్టి కింద ఉన్నాయి. పోనీ దారి ముందే ఎరుగునా? అది ఎక్కడో దూరాన ఫామ్‌లో పుట్టి, మొదటిసారి అక్కడ కాలుపెట్టిన ఆవు. మలుపులో అది దేనికి దారి ఇచ్చిందో నాకు తెలియదు. ఇవాళ్టికీ తెలియదు.

మా బంధువులంతా గోమాత మహిమ అంటున్నారు. అయ్యా, ఆ ఆవు మీ గృహప్రవేశం జరిపించలేదు, వద్దని మొరాయించింది! తెలియనిదాన్ని తెలియదనడం ఓటమి కాదు. తెలిసినదాన్ని చూడకపోవడమే ఓటమి. ఆ నేల మునుగుతుందని ఆ ఊరి చరిత్రే చెప్పింది, ప్రభుత్వ వరద మ్యాప్ కూడా చెబుతోంది. మాలో ఒక్కరూ తెరిచి చూడలేదు.

మీ ఇంట్లో బేస్‌మెంట్‌లో ఎవరు పడుకుంటున్నారు? చుట్టపుచూపుగా వచ్చిన అత్తయ్యా, అద్దెకున్న స్టూడెంటా? ఇప్పుడే మీ అడ్రస్ కొట్టి ఆ మ్యాప్ తెరవండి. ఇల్లు వరద గీత లోపల ఉంటే, చీకటి పడకముందే వాళ్ళ పరుపు పైకి మోయండి.