తేదీ రాసిచ్చిన మేడం

తమిళనాడులోని విరుదునగర్‌లో నేను ఆఫీసుకు నడిచి వెళ్ళే దారిలో మిరపకాయలు ఆడించే మిల్లొకటి ఉంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే తుమ్ములు వస్తాయి, వెంటనే రాజేశ్వరి మేడం గుర్తొస్తారు.

తొంభైల మధ్యలో కోవిల్‌పట్టిలో ఒక చిన్న సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. పల్లెల్లో మిల్లులు పెట్టుకునేవాళ్ళకు అనుమతి కాగితాలు తయారుచేయడం నా పని. లంచం ముట్టేవాణ్ణి కాదు కాబట్టి మంచి ఉద్యోగినని నాకు నేనే అనుకునేవాణ్ణి. ఎవరొచ్చినా తలెత్తకుండా "నాళైక్కు వాంగ" అనేవాణ్ణి, రేపు రమ్మని. ఆ రేపు ఎప్పుడో నాకూ తెలియదు.

మేడం మాకు అధికారిగా వచ్చిన కొత్తలో, ఒట్టపిడారం వైపు పల్లె నుంచి వెంకటలక్ష్మి అనే ఆమె నా బల్ల ముందుకొచ్చింది. వాళ్ళూ మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే సేద్యగాళ్ళు.

"ఇంకెన్ని మాట్లు రావాల సామీ? పిండిమిషను కొని వానలో పెట్టుకోనుండా. యా నాడు రావాలనో అదొకటి సెప్పు."

వెనక నుంచి మేడం అడిగారు, ఆమె కాగితాల్లో ఏం తక్కువని. చూస్తే ఏమీ తక్కువ లేదు. ఫైలు నెలకు పైగా నా బల్ల మీదే ఉంది.

ఆ మధ్యాహ్నమే మేడం నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. నల్లరేగడి బురదలో చెప్పులు చేతపట్టుకుని నడిచాం. వెంకటలక్ష్మి తార్పాలిన్ ఎత్తి చూపించింది. కొత్త మిషను చక్రం అంచున తుప్పు. ఆమె కొంగుతో దాన్ని రుద్దుతూ ఉంటే నేను అటు చూడలేకపోయాను.

తిరుగు బస్సులో మేడం కూడా మా ఇంటి తెలుగులోనే అన్నారు: "నువ్వు దుడ్లు తీసుకోలే, సరే. ఆయమ్మ దినాలు తీసుకుంటివే. యా నాడు పని అయ్యేదో తెలీకుంటే మిల్లెవరు పెడతారు? ఊరెట్ల పైకొస్తాది?"

మర్నాడే అనుమతి ఇచ్చారు. కరెంటు వచ్చిన రోజు నేనూ వెళ్ళాను. బెల్టు కీచుమంది, చక్రం ఒక క్షణం ఆగి, తిరిగింది. సజ్జపిండి రాలడం చూశాక గట్టుమీద కూలబడి ఊపిరి పీల్చుకున్నాను.

ఆపై మేడం ఒక పద్ధతి పెట్టారు. కాగితం ఇచ్చినవాళ్ళకు పని పూర్తయ్యే తేదీ చీటీ మీద రాసివ్వాలి. తేదీ తప్పితే నేనే వాళ్ళింటికి పోయి కారణం చెప్పాలి. మొదటి నెల మూడుసార్లు తలవంచుకుని పోయాను. రెండేళ్ళలో ఆ ఒట్టపిడారం దారిపొడుగునా నూనె గానుగ, చిక్కీలు చేసే షెడ్డు, కుట్టుమిషన్లు వచ్చాయి. వానలు పడ్డాయి, రోడ్డూ వేశారు, అంతా మావల్లే అనను. కానీ మా సంతకం కోసం ఏ మిషనూ తడవలేదు.

రెండువేల సంవత్సరం తర్వాత మేడంకు విరుదునగర్ బదిలీ అయింది. కొత్త అధికారి చీటీలు దండగ, మానెయ్యమన్నారు. అంతా పోయిందనుకున్నాను. ఆ సోమవారం ఒక ముసలాయన కాగితమిచ్చి కదల్లేదు.

"తేదీ రాసియ్యి సామీ. లేకుంటే నేను పోను."

వెనక వరసంతా అదే మాట. గోల విని బయటికొచ్చిన అధికారి వరసను చివరిదాకా చూసి, "రాసిచ్చెయ్" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మేడంకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె గట్టిగా నవ్వారు. "అట్లయితే ఇంక నేను అక్కర్లేదు పో!"

మేడం ఇప్పుడు లేరు. నేనూ విరుదునగర్ ఆఫీసుకొచ్చాను, నాకింద గుమాస్తాలున్నారు. 'రేపు' అనే మాట ఇప్పటికీ నోటిదాకా వస్తుంది. ఆపుకుని క్యాలెండరు చూసి తేదీ చెబుతాను. తప్పితే బస్సెక్కుతాను. పోయిన నెలలో కూడా ఒకసారి ఎక్కాను.